నార్మల్ రిపోర్టు

రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది, ఎండాకాలంలో, విజయవాడ భవానీపురంలోని ఒక నరాల ఆసుపత్రిలో ఈఈజీ విభాగానికి సీనియర్ టెక్నీషియన్‌గా చేరాను. విభాగం అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక ఏసీ గది, ఒక యంత్రం, నేను. జూనియర్ ఎవరూ లేరు కాబట్టి నేనే సీనియర్‌ని.

మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తును తల మీద అంటించిన తీగలతో అందుకుని తెర మీద గీతలుగా చూపించే పరీక్ష ఈఈజీ. ముఖ్యంగా మూర్ఛ ఉందేమో చూడటానికి చేస్తారు. గీతలు తీయడం టెక్నీషియన్ పని, అర్థం చెప్పడం డాక్టరు పని. తెర మీద ఏం కనిపించినా రోగి ముందు నేను నోరు విప్పకూడదు. నా స్వభావానికి అంత కఠినమైన నిబంధన మరొకటి లేదు.

ఆ వేసవిలోనే మంగళగిరి నుంచి సాంబశివరావు అనే నేతగాడు వచ్చాడు. వెంట అన్న వెంకటేశ్వర్లు. ఇద్దరివీ ఒకే షెడ్డులో పక్కపక్క మగ్గాలు. తమ్ముడు తరచూ తలనొప్పితో పని మధ్యలో లేచిపోయి చీకటి గదిలో పడుకుంటున్నాడట. అంతకుముందు కాసేపు చూపు సగం పోతుందనీ, మాట తడబడుతుందనీ చెప్పడంతో, మూర్ఛ కాదని తేల్చుకోవడానికి మా డాక్టరమ్మ ఈఈజీ రాసింది.

అన్న ఉద్దేశం వేరు. "తలనొప్పీ లేదు, గిలనొప్పీ లేదండీ. ఒళ్లు బరువు. ఏం లేదని రిపోర్టు రానీండి, రేపే ఆ మగ్గం ఇంకోడికి ఇచ్చేస్తా" అన్నాడు, తమ్ముడు వింటుండగానే.

"ఆ మగ్గాల చప్పుడు తట్టుకోలేకపోతన్నానన్నా" అన్నాడు సాంబశివరావు.

"ఇద్దరం ఆ చప్పుళ్లోనే పుట్టాం గదరా! నాకు వినపడను కూడా వినపడదు. నీకేందిరా ఇయ్యాల కొత్తగా వినపడేది?"

మామూలుగా వెంట వచ్చినవాళ్లను బయటే కూర్చోబెడతాం. వెంకటేశ్వర్లు "నా కళ్ల ముందే తీయండి" అని పట్టుబట్టాడు. నటనను అక్కడే పట్టుకోవాలని అతని ఆలోచన. డాక్టరమ్మను అడిగి, గోడవారగా కుర్చీ వేశాను.

నూనె రాసుకోవద్దని చెప్పినా తల జిడ్డుతో వచ్చేవాళ్లే ఎక్కువ. సాంబశివరావు శుభ్రంగా తలంటుకుని వచ్చాడు. "కరెంటు పెడతారాండీ?" అని మెల్లగా అడిగాడు. "మేం పెట్టం, నీ దగ్గరున్నదే చూస్తాం" అంటూ తల కొలిచి, పేస్టు పెట్టి తీగలు అంటించాను. పరీక్ష చివర్లో కళ్ల ముందు ఒక దీపాన్ని వేగం మారుస్తూ మిణుకుమనిపిస్తాం. వేగం పెరగ్గానే అతను చెయ్యెత్తాడు. దీపం ఆపాను. తెర మీద గీతలు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

కాసేపటికి "మొదలైందండీ" అన్నాడు. "గోపురం అంచు... మెరుస్తా పాకతంది." మంగళగిరి చీర అంచున వరసగా నేసే చిన్న గోపురాల్లాంటి గీతలు అతనికి కనిపిస్తున్నాయన్నమాట. అన్నవైపు తిరిగి చూశాడు. "అన్నా, నీ మొహంలో కుడిపక్క లేదు."

వెంకటేశ్వర్లు గబుక్కున చెంప తడుముకున్నాడు.

ఆ తర్వాత సాంబశివరావుకు కుడిచెయ్యి తిమ్మిరెక్కింది. మాటకోసం వెతుక్కున్నాడు. ముఖం పాలిపోయింది, తల పట్టుకుని ముడుచుకుపోయాడు. ఆ సమయంలో తెర మీద గీతలు కృష్ణకు వరదొచ్చినట్టు పోటెత్తాయని సాయంత్రం నడకలో మిత్రులకు చాలాసార్లు చెప్పాను. అబద్ధం. గీతలు నిదానంగా, మర్యాదగా సాగిపోయాయి.

అన్న తెర వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. ఇన్నాళ్లూ అతను చూసింది తమ్ముడు లేచిపోయాక మిగిలిన ఖాళీ మగ్గాన్నే, ఈ నొప్పిని కాదు. "ఇందులో ఏం లేదాండీ?" అన్నాడు. నిబంధన ప్రకారం నేను పలకలేదు. "మరి వీడిట్టా అయిపోయాడేందండీ?" నేను లైటు ఆర్పి డాక్టరమ్మకు కబురు చేశాను. తమ్ముడికి వాంతి అవుతుంటే అతనే బకెట్టు పట్టుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి చూసి, అది మైగ్రేన్ అని వివరించింది. నేనే వివరించానని నడక మిత్రులు నమ్ముతున్నారు గానీ, నేను తలుపు దగ్గర నిలబడి విన్నవాణ్ణి మాత్రమే. "ఒకే చప్పుడు పదే పదే వస్తుంటే మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుందండీ. మీకు మగ్గం వినపడకపోవడం మీ మెదడు చేసిపెడుతున్న పనే. మైగ్రేన్ ఉన్న చాలామందిలో ఆ పని సరిగా జరగదు. చప్పుడైనా, వెలుగైనా ప్రతిసారీ కొత్తదే. ఆ మెరుపులు కంట్లోవి కూడా కాదు. మెదడు వెనకవైపు, చూపు సంగతి చూసే చోట ఒక అల నెమ్మదిగా పాకుతుంది. అది దాటిన చోటు కాసేపు పని మానేస్తుంది. అందుకే అతనికి మీ ముఖం సగమే కనిపించింది."

వెంకటేశ్వర్లు చేతులు జోడించాడు. "ఆ రిపోర్టులో నార్మల్ అని రాయకండమ్మా. ఇంటికాడ మావాళ్లు వీణ్ణి నమ్మరు. నేనే నమ్మలేదు గదా!"

నార్మల్ అన్న ఆ ఒక్క మాట రాయించుకుపోవడానికే వచ్చిన మనిషి అతను.

ఉన్నది రాయక తప్పదని డాక్టరమ్మ నార్మల్ అనే రాసింది. కింద తెలుగులో ఒక వాక్యం చేర్చింది: ఈ పరీక్షలో మూర్ఛ కనిపించలేదు, అంతేగానీ తలనొప్పి లేదని దీని అర్థం కాదు.

మళ్లీ చూపించుకోవడానికి వచ్చేసరికి సాంబశివరావు మగ్గం అతని దగ్గరే ఉంది. మందులతో నొప్పులు తగ్గాయి, పూర్తిగా పోలేదు. మెరుపు మొదలవగానే లేచి చీకటి గదిలోకి వెళ్లిపోతున్నాడు. "అన్నే వచ్చి తలుపు దగ్గరకేస్తన్నాడండీ" అని చెప్పాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, తలనొప్పితో వచ్చినవారికి నార్మల్ రిపోర్టు ఇచ్చినప్పుడల్లా, డాక్టరమ్మ అనుమతితో, ఆ వాక్యాన్ని వెంట వచ్చినవాళ్లకు చదివి వినిపించాను. యంత్రం తాను దేనికోసం వెతుకుతుందో అది దొరకలేదని మాత్రమే చెప్పగలదు. మిగతాది రోగిని అడిగి తెలుసుకోవాల్సిందే.