మైకులో పిల్లికూతలు

సినిమాలో హీరో అడుగుల చప్పుడు, చీర కొంగు రెపరెప, తలుపు కిర్రుమనడం చాలావరకు షూటింగులో దొరికినవి కావు. మాలాంటివాళ్లం తర్వాత తెర చూస్తూ మైకు ముందు చేసేవి. ఫిల్మ్‌నగర్‌లో ఒక చిన్న స్టూడియోలో పదకొండేళ్లుగా నాది అదే పని. పెనుగులాటలకి ఒక పాత ఉన్ని రగ్గు వాడేవాణ్ణి. ఉతికితే చప్పుడు మారిపోతుందని దాన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

మొన్న వానాకాలంలో ఒక ఉదయం, ఇద్దరు కొట్టుకునే సీను చేస్తున్నాం. నేను రగ్గు మీద దొర్లి లేచాను. అద్దానికి అవతల ఉన్న రికార్డింగ్ ఇంజనీరు చెయ్యెత్తి ఆపాడు. బోరబండ మనిషి, చెవి మహా పదును.

"అన్నా, ఏందో సీటీ కొట్టినట్టు వస్తుంది. ఏసీ బంద్ చేస్త, మల్ల చెయ్యి."

ఏసీ ఆపినా వచ్చింది. కేబుల్ మార్చాడు, అయినా వచ్చింది. చివరికి నన్ను కదలకుండా నిలబడమని, హెడ్‌ఫోన్ చెవులకి అదుముకుని విన్నాడు.

"గా సప్పుడు నీ ఛాతీలకెల్లి వస్తుందన్నా, పిల్లికూతల లెక్క."

"జలుబు చేసిందిలే, కానిద్దాం" అన్నాను. సాయంత్రానికి ఆ రీలు అప్పజెప్పాలి. మళ్లీ దొర్లాను. ఈసారి లేవలేకపోయాను. పీల్చిన గాలి బయటికి రావడం లేదు. ఒక మాట అన్నాక ఇంకో మాటకి ఊపిరి చాలడం లేదు. అతను నన్ను కారెక్కించి షేక్‌పేట వైపు ఆసుపత్రికి తోలాడు. "జర ఓపిక పట్టన్నా, వచ్చేసినం" అంటూనే ఉన్నాడు. సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు చూస్తూ, అది పచ్చబడేదాకా ఉంటానా అనుకున్నాను.

మాస్కు పెట్టి మందు పీల్పించాక తేరుకున్నాను. కొన్ని వారాల తర్వాత పరీక్షలు చేశారు. చేతి మీద దుమ్ము, పుప్పొడి లాంటివాటి రసాల చుక్కలు వేసి సూదితో గుచ్చితే, రగ్గుల దుమ్ములో బతికే కంటికానని పురుగుల చుక్క దగ్గర దద్దురు లేచింది. ఇంకో పరీక్షలో, మామూలు మనిషిని ఏమీ చేయని పాటి మందు ఆవిరిని కొద్దికొద్దిగా పెంచుతూ పీల్పించి, ప్రతిసారీ యంత్రంలోకి ఊదించారు. రెండో మోతాదుకే ఛాతీ పట్టేసింది. విరుగుడు పక్కనే ఉందని తెలిసినా కుర్చీలోంచి లేచిపోబోయాను.

"పదకొండేళ్లుగా అదే రగ్గండీ. ఇన్నాళ్లూ ఏమీ కాలేదే?" అని డాక్టరమ్మని అడిగాను.

"ఆ ఏళ్లలోనే మీ ఒళ్లు ఆ పురుగుని శత్రువని గుర్తుపెట్టుకుందండీ. ఇప్పుడు అది తగిలితే ఊపిరి గొట్టాలు లోపల వాస్తాయి. ఆ వాపు వల్ల చుట్టూ ఉన్న కండరం ఊరికే ఉలిక్కిపడుతోంది. ఇక రగ్గే అక్కర్లేదు. చల్లగాలికీ, అగరుపొగకీ, పరుగుకీ కూడా బిగుసుకుంటుంది. రోజూ ఇన్‌హేలర్ వాడితే నెమ్మదిస్తుంది."

రగ్గు తీయించేశాను. ఇన్‌హేలర్ సంగతి మాత్రం స్టూడియోలో చెప్పలేదు. పరుగు సీన్లకి పనికిరానని తెలిస్తే పిలవరేమోనని భయం. బాత్రూమ్‌లో దాక్కుని పీల్చుకునేవాణ్ణి. ఒకరోజు ఇంజనీరు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నా దగ్గర ఎందుకు దాస్తున్నవన్నా? ఉర్కుడు సీన్లు వేరేటోళ్లతోని చేపిస్త. నువ్వు బట్టల చప్పుడు చూడు, ఫికర్ చెయ్యకు."

ఆ మాట మొదట గుచ్చుకుంది. ఆ తర్వాతి వారం పట్టుచీరల సీను వస్తే, అన్నట్టుగానే నన్ను పిలిచాడు. ఇన్‌హేలర్‌ని మైకు స్టాండు పక్కన, అందరికీ కనబడేలా పెట్టుకుని పని మొదలుపెట్టాను.