సంజీవయ్య కట్టిన ఫ్యామిలీ పోర్షన్లు

ఆళ్లగడ్డ బజారులో సంజీవయ్యంత తెలివైనవాడు లేడని సంజీవయ్య ఒక్కడే నమ్ముతాడు. అతనితో ఇన్నేళ్లు కాపురం చేసిన ప్రమీలకు ఆ భ్రమ ఏనాడో వదిలింది. అయినా పుట్టింటివాళ్లిచ్చిన పాత ఇల్లు పడగొట్టడానికి ఒప్పుకుంది. కింద అంగళ్లు, పైన పిల్లలున్న సంసారాలకు బాడుగ పోర్షన్లు, వెనక తమకు రెండు గదులు, వీధి వైపు ఆమె ట్యూషన్ పిల్లలకు వసారా. అదీ మాట. ఆ పిల్లలకు చదువు చెప్పుకోవడం తప్ప ఆమెకు వేరే సంతోషం లేదు.

నంద్యాల నుంచి వచ్చిన ఇంజనీరు జ్యోత్స్న ఆ ప్రకారమే ప్లాను గీసింది. వీధి మూలన మెట్లు, పక్కనే వసారా. ముగ్గు పోసేనాడు పాస్టరుగారు ప్రార్థన చేశారు.

"మనం విశ్వాసులం. వాస్తులూ గీస్తులూ మనకేమిటికప్పా?" అని సంజీవయ్య అందరి ముందూ ఛాతీ విరుచుకున్నాడు.

మర్నాడే కోయిలకుంట్లకు పోయి, వాస్తు చెప్పే ఆయన ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ వీధి మూల ఈశాన్యమట, అక్కడ మెట్లుంటే వంశానికి చేటట. సంఘంలో తెలిస్తే పరువు పోతుందని మేస్త్రీ చెవిలో మాత్రం ఊది, మెట్లను వెనక నైరుతికి తోసేశాడు. వసారా ఉండాల్సిన చోట నీళ్ల సంపు తవ్వించాడు.

"పిల్లోల్లు యాడ కూర్చుంటారు?" అంది ప్రమీల.

"సంపు మూత మింద కూర్చోబెట్టుకో. సల్లగా ఉంటాది."

ఇంత సిగ్గులేని మాట అన్న మనిషికి మెట్లకు దారెక్కడో చూసుకునే తెలివి ఎక్కడిది? ఇల్లు పూర్తయ్యేసరికి పై పోర్షన్లకు పోవాలన్నా, వెనక గదులకు పోవాలన్నా, కింద బాడుగకిచ్చిన పురుగుమందుల అంగట్లోంచే పోవాలి. అంగడివాడు షట్టరు దించితే అందరూ లోపల బందీలే. వెనక గదుల్లో చదువు చెప్తానని ప్రమీల అంటే, ట్యూషన్ పిల్లల తల్లులు ఆ మందుల మధ్య నుంచి పిల్లల్ని పంపేది లేదన్నారు. చంకలో బిడ్డతో ఇల్లు చూడ్డానికొచ్చిన బ్లెస్సీ అనే నర్సు ముక్కు మూసుకుంది.

"ఈడ పిల్లోల్లతో ఎట్ల ఉంటారన్నా?" అని వచ్చిన దారినే పోయింది.

తర్వాత వచ్చినవాళ్లూ అంతే. ఈ కాలపు ఆడవాళ్లకు నిక్కెక్కువని సంజీవయ్య తీర్మానించాడు. చివరికి శనగల వ్యాపారి ఒకడు పోర్షన్లన్నీ తీసుకుని పడగ్గదుల్లో, వంటిళ్లలో మూటలు పేర్చాడు.

ఆ సాయంత్రం ప్రమీల నల్లబల్ల చంకన పెట్టుకుని చర్చి వసారాకు బయలుదేరింది. పిల్లలు అక్కడికే వస్తామన్నారు.

"సొంతిల్లు పెట్టుకోని ఆడికేమిటికి పోతాండావ్? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు సంజీవయ్య.

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఈ మనిషి మీద కోపం కూడా దండగ అనిపించింది.

"యాడుంది ఇల్లు? నువ్వు కట్టింది శనగల గోడౌను. ఈడనే కాపలా ఉండు."