రోజా మీద పరగడుపు

శంషాబాద్‌లో నేను పని చేసే రక్తపరీక్షల ల్యాబ్ మీదుగా విమానాలు దిగుతుంటాయి. ఒక్కోటి వెళ్ళినప్పుడల్లా కిటికీ అద్దం జివ్వుమంటుంది. సూదికి భయపడి కూర్చున్నవాళ్ళు ఒక్క క్షణం తల పైకెత్తుతారు. ఆ క్షణంలోనే మా టెక్నీషియన్ సూది గుచ్చేస్తుంది. తుక్కుగూడ అమ్మాయి, మహా చురుకు. "ఇమానాల పుణ్యాన ఒక్కలు గూడ లొల్లి చేస్తలేరు మేడం" అంటుంది. ఆమె రక్తం తీస్తుంది, యంత్రం అంకెలు ఇస్తుంది, ఆ అంకెలకు అర్థం చెప్పడం డాక్టరుగా నా వంతు.

మాది కృష్ణా జిల్లా. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా మాట టీవీలో వార్తలు చదివినట్టు ఉండేదట. ఇప్పుడు కొంచెం నయమంటారు. నా కోపం మాత్రం ఏ జిల్లాదైనా ఒకటేనని మా టెక్నీషియన్ తీర్మానం.

ఆ కోపంలో సగం దొడ్డక్షరాల మీదే. రిపోర్టులో ఒక పక్క మీ అంకె ఉంటుంది, దాని పక్కనే ఎంత నుంచి ఎంత వరకు ఉండాలో హద్దు ఉంటుంది. హద్దు దాటితే మా కంప్యూటర్ ఆ అంకెను లావుగా అచ్చు వేస్తుంది. దొడ్డు బియ్యం అన్నట్టే ఇక్కడివాళ్ళు దాన్ని దొడ్డక్షరం అంటారు. కాగితం చేతికి రాగానే పేరు తమదో కాదో కూడా చూసుకోరు, దొడ్డక్షరం కోసం వెతుక్కుంటారు. ఒక్కటి కనబడిందా, ఇంటిల్లిపాదికీ ఆ పూట అన్నం సయించదు.

కంప్యూటర్‌కు అంకె తెలుసు, మనిషి తెలియదు. రాత్రంతా విమానాల్లోకి పెట్టెలు ఎత్తి పొద్దున్నే రక్తమిచ్చిన కుర్రాడికి ఒక ఎంజైమ్ పెరిగి కనిపిస్తుంది. లివర్ పోయిందని వాళ్ళమ్మ ఏడుపు మొదలుపెడుతుంది. అది లివర్ కాదు తల్లీ, నొప్పులు పుట్టిన కండలు అని చెప్పాలి. కడుపుతో ఉన్న పిల్లకు రక్తంలో నీరు పెరుగుతుంది, పాలల్లో నీళ్ళు కలిస్తే పలచబడినట్టు హిమోగ్లోబిన్ కొంచెం తగ్గుతుంది. ఆమె హద్దు వేరు, ఆమె మొగుడి హద్దు వేరు. అందుకే నేను రిపోర్టు చేతికిచ్చే ముందు పది ప్రశ్నలు అడుగుతాను. పోలీస్ స్టేషన్లో కూడా ఇన్ని అడగరని ఒకాయన విసుక్కున్నాడు కూడా.

అన్నిటికన్నా తిప్పలు తెచ్చే మాట 'ఫాస్టింగ్'. మహేశ్వరం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దామెకు షుగర్ విపరీతంగా కనిపించింది. ఏమీ తినకుండా వచ్చావా అని అడిగాను.

"ఒక్కపొద్దున్న బిడ్డా. అన్నం మెతుకు ముట్టలే" అంది గర్వంగా.

"మరి ఏం ముట్టావమ్మా?"

"రెండు అరటిపండ్లు తిన్న. ఇంత చక్కెరేసి గిలాసెడు పాలు తాగిన. ఒక్కపొద్దంటే గంతే గదా. గింత గూడ తెల్వదా నీకు?"

మర్నాడు నిజంగా ఏమీ తినకుండా వచ్చింది, షుగర్ చక్కగా ఉంది. రక్తం ఇచ్చి లేవగానే అరటిపండు ఏదీ అని మమ్మల్నే నిలదీసింది. ఆరోజు నుంచి మా ల్యాబ్‌లో ఫాస్టింగ్ అనే మాట ఎత్తడం మానేశాం. రాత్రి అన్నం తిన్నాక పొద్దున రక్తమిచ్చేదాకా నీళ్ళు తప్ప ఏమీ వద్దని విడమరిచి చెప్తాం.

ఊరంతటికీ మేమే చెప్పం కదా. రంజాన్ నెలలో ఒక మధ్యాహ్నం ఒక కుర్రాడు అమ్మానాన్నలతో కలిసి వచ్చాడు. అతని చేతిలో వేరే చోట చేయించిన రిపోర్టు ఉంది. విమానాశ్రయంలో సామాను ట్రాలీలను లాగే బండి నడిపే ఉద్యోగం వచ్చిందట. ఉద్యోగంలో చేరేముందు వైద్యపరీక్షలో ఆగిపోయాడు.

"ఒక్కటే దొడ్డక్షరం మేడం. కామెర్లంటున్నరు" అన్నాడు. "శుక్రారం లోపల ఇంకో రిపోర్టు తెమ్మన్నరు. లేకుంటే నా జాగల ఎనకున్నోన్ని తీస్కుంటరంట."

అది బుధవారం. వెనక వాళ్ళ నాన్న నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బెంగళూరు రోడ్డు పక్కన ఆయనకు పంక్చర్ దుకాణం ఉందనీ, రాత్రుళ్ళు కూడా ఆ అద్దాలు తీయడనీ, అందుకే అందరూ హీరో అని పిలుస్తారనీ మా టెక్నీషియన్ చెవిలో ఊదింది.

రిపోర్టు చూశాను. బిలిరుబిన్ మూడు దాటింది. రక్తంలో ఉండే పసుపురంగు పదార్థం అది, పెరిగితే కళ్ళు పచ్చబడతాయి. కానీ లివర్ తాలూకు మిగతా అంకెలన్నీ మామూలుగా ఉన్నాయి. నాకు అక్కడే అనుమానం తగిలింది.

"రక్తం ఇచ్చే ముందు ఎప్పుడు తిన్నావు బాబూ?"

"తినలే మేడం. ఫోన్ల మెసేజ్ వచ్చింది, పన్నెండు గంటలు ఫాస్టింగ్ ఉండాలన్నరు. సహర్ల తింటే ఫాస్టింగ్ ఖరాబైతదని సహర్ ఇడిసిపెట్టిన. అంతకుముందు ఇఫ్తార్ల గూడ భయానికి ఒక్క ఖర్జూరమే తిన్న."

"నీళ్ళు?"

"రోజా ఉన్న గదా మేడం. నీళ్ళెట్ల తాగుత?"

మా టెక్నీషియన్ పకపకా నవ్వింది. "ఫాస్టింగ్ మీద రోజా, రోజా మీద ఫాస్టింగ్! డబల్ డ్యూటీ చేసినవ్ గద తమ్మీ!"

రోజా ఉండేవాళ్ళు తెల్లారకముందే సహర్‌లో కడుపునిండా తింటారు. అది కూడా మానేసి, ముందురోజు మాపటి నుంచి ఒక్క ఖర్జూరం మీద ఉన్నాడు పిల్లాడు. పైగా ఉద్యోగం వస్తుందో రాదోనన్న దిగులు.

"మరి ఇంట్లో ఏం పెడుతున్నారమ్మా?" అని వాళ్ళమ్మను అడిగాను.

"కామెర్లు అన్నప్పటిసంది పసుపు ముట్టనిస్తలేను డాక్టరమ్మా. నూనె లేదు, కారం లేదు. మా ఇంట్ల తెల్లకూర గిన్నె ఎట్ల గూడ ఉన్నది, అండ్లనే ఇంకో పిడికెడు ఎక్కువేస్తున్న."

నా ప్రశ్నల జబ్బు నన్ను ఊరుకోనివ్వలేదు. "తెల్లకూర గిన్నె ఎట్లాగూ ఎందుకుంది మీ ఇంట్లో?"

ఆమె మొగుడి వైపు చూసింది. "ఈయనకు. పెండ్లైనప్పటిసంది గంతే. రెండు గిన్నెలు పెడ్త. అందరికి ఒకటి, ఈయనకొకటి."

"భాయ్, ఒక్కసారి ఆ అద్దాలు తీస్తారా?" అన్నాను.

ఆయన మెల్లగా తీశాడు. కళ్ళు లేత పసుపుగా ఉన్నాయి, కొడుకు కళ్ళకన్నా కొంచెం ఎక్కువ. ఆయనా రోజాలోనే ఉన్నాడు. తల వంచుకుని, తప్పు చేసినవాడిలా చెప్పుకొచ్చాడు.

"వయసుల ఉన్నప్పుడు సౌదీల డ్రైవర్ నౌకరి వచ్చింది మేడం. మెడికల్‌కు బొంబయి రమ్మన్నరు. పరేషాన్‌ల రైల్ల ఏం తినలే. ఆడ రక్తం తీసి, నీకు లివర్ కమ్జోర్ ఉన్నది పో అన్నరు. వాపసొచ్చిన. అప్పటిసంది జర పైలంగనే ఉంటున్న. నా బీమారే నా కొడుక్కు గూడ అంటుకున్నది."

అప్పుడు నాకు ఆశ పుట్టింది, భయమూ పుట్టింది. కొందరికి పుట్టుకతోనే లివర్ ఈ పసుపు పదార్థాన్ని కొంచెం నెమ్మదిగా బయటికి పంపుతుంది. తండ్రి నుంచి బిడ్డకు రావచ్చు. తిండి మానేసినా, నీళ్ళు తగ్గినా, నిద్ర చెడినా, బెంగ పెట్టుకున్నా అంకె పైకి లేస్తుంది. కడుపునిండా తింటే కిందికి దిగుతుంది. అది జబ్బు కాదు, మందు అక్కర్లేదు. అయితే అదేనని తేల్చేముందు నిజం కామెర్లు కావనీ, రక్తకణాలు విరిగిపోవడం లేదనీ చూడాలి. అనుమానం నాది, ఉద్యోగం పిల్లాడిది.

"ఈ రాత్రి ఇఫ్తార్‌లో బాగా తినాలి. నీళ్ళు తాగాలి. నిద్రపోవాలి. సహర్‌లో మళ్ళీ తినాలి. పొద్దున నమాజ్ కాగానే తండ్రీ కొడుకులిద్దరూ ఇక్కడికి రావాలి" అన్నాను. వాళ్ళమ్మ వైపు తిరిగి, "రుచి ఉంటేనే బాబు కడుపునిండా తింటాడు. కూరలో పసుపు వేయండి" అన్నాను.

ఆమె ఇంతెత్తున లేచింది. "కామెర్లున్నోనికి పసుపా! మీరు డాక్టరేనా?"

"పరీక్షకు నేను డాక్టర్ని. కూరకు నువ్వే డాక్టర్‌వి. ఈ ఒక్కరోజుకు నా మాట విను" అన్నాను. మా ఇద్దరిలో ఎవరి కోపం ఎక్కువో తేలకుండానే ఆమె కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు నేనూ పెందలాడే వచ్చాను. తండ్రీ కొడుకులు మాకన్నా ముందే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కుర్రాడి ముఖం తేటగా ఉంది. "అమ్మీ పసుపేసింది మేడం. ఏస్కుంట మిమ్మల్ని తిట్టుకుంటనే ఉన్నది" అన్నాడు. ఇద్దరి రక్తమూ తీశాం. యంత్రం తిరుగుతున్నంతసేపూ నేను ఊరికే బల్ల తుడుస్తూ కూర్చున్నాను. నా లెక్క తప్పితే పిల్లాడి చోటు ఇంకొకడికి పోతుంది, వాళ్ళమ్మకు నా ముఖం ఎలా చూపించను?

అంకె మూడు నుంచి ఒకటిన్నర దగ్గరికి దిగింది. రక్తకణాలు భేషుగ్గా ఉన్నాయి. కామెర్ల వైరస్ జాడ లేదు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను.

కానీ కంప్యూటర్ మాత్రం తన పని తాను చేసింది. ఒకటిన్నర కూడా హద్దుకు కొంచెం పైనే, కాబట్టి మళ్ళీ దొడ్డక్షరమే. కుర్రాడు కాగితం చూసి ఆ అంకె మీద వేలు పెట్టాడు. "గిది గూడ దొడ్డగనే ఉన్నది మేడం" అన్నాడు.

నేను ఆ కంపెనీ డాక్టరుకు ఫోన్ చేశాను. మర్యాదగా మాట్లాడే మనిషి, మా వైపు యాసే. "హద్దు దాటిందండీ, నేనేం చేయను?" అన్నాడు.

"ఎవరి హద్దండీ?" అని అందుకున్నాను. "మూడుపూటలా తిని, కంటినిండా నిద్రపోయినవాళ్ళను చూసి గీసిన హద్దు అది. ఈ పిల్లాడు ఒక్క ఖర్జూరం తిని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా మీకు రక్తమిచ్చాడు. తిండి పెట్టిన ఒక్క రాత్రికే సగానికి దిగింది. మిగతా అంకెలు చదువుతాను, వినండి."

విన్నాడు. మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు, రెండూ మంచి ప్రశ్నలే. చివరికి నవ్వి, "తిట్టకుండా కూడా చెప్పొచ్చండీ. ఇదే రాసి పంపండి, ఫిట్ అని ఇచ్చేస్తాను" అన్నాడు. ఫోన్ పెట్టేసేసరికి కుర్రాడు మా టెక్నీషియన్ చేతులు పట్టుకుని ఊపేస్తున్నాడు, ఆమె నా గాజులు నా గాజులు అని అరుస్తోంది.

తండ్రి రిపోర్టు ఇంకా నా చేతిలోనే ఉంది. కొడుకుది ఎలాగో ఇదీ అలాగే ఉంది. అనుమానం లేకుండా ఉండాలని ఆ రోజే కడుపు స్కానింగ్ కూడా చేయించాను. సాయంత్రానికి అదీ శుభ్రంగా వచ్చింది.

"మీకు ఏ జబ్బూ లేదు భాయ్. ఇప్పుడే కాదు, అప్పుడూ లేదు" అన్నాను.

నాకు కళ్ళు చెమర్చాయి. ఉన్న బలమంతా లేదనుకుని బతికిన మనిషికి ఇప్పుడు మంచి కబురు చెప్పానా, చెడ్డ కబురు చెప్పానా అనిపించింది. అంతలో విమానం దిగింది, అద్దం జివ్వుమంది. ఆయన పైకి చూసి చిన్నగా నవ్వాడు.

"నన్ను ఇమానం ఎక్కనియ్యలే మేడం. ఇమానాలే మా దుకాణం మీదికొచ్చినయ్. ఇగ వాటి నడుమ నా కొడుకు బండి నడుపుతడు" అన్నాడు. ఈసారి అద్దాలు జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు.

సంతోషపడని మనిషి ఒక్కతే, వాళ్ళావిడ. సాయంత్రం తనూ వచ్చి, సంగతి విని మెట్ల మీదే నడుం మీద చెయ్యి వేసుకుని మొగుణ్ణి పట్టుకుంది. "పండుగొస్తే రెండు గిన్నెలు, సుట్టాలొస్తే రెండు గిన్నెలు! నా పుట్టింటోళ్ళు పప్పుచారు చేస్తే అండ్ల గూడ నీకు తెల్లది కావాలె! ఏం బీమారి లేనోనికా నేను గిన్ని గిన్నెలు తోమిన?" ఆయన తల దించుకుని నవ్వుతున్నాడు. ఆమె తిడుతూ తిడుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పండుగ వెళ్ళిన వారం ఆమె ఒక్కతే ల్యాబ్‌కు వచ్చింది. చేతిలో మూత పెట్టిన చిన్న సిల్వర్ గిన్నె ఉంది, అడుగు సొట్టలు పడి ఉంది. మూత తీస్తే పుల్లటి పప్పు, పచ్చగా పసుపు తేలుతోంది. మా టెక్నీషియన్ అప్పుడే అన్నం డబ్బా తెరిచేసింది. కొడుకు మొదటి జీతం ఇంకా రాలేదనీ, యూనిఫాం మాత్రం వచ్చిందనీ, రోజూ ఇస్త్రీ చేయించుకుంటున్నాడనీ తల్లి చెప్పింది. వాళ్ళాయన మాపటికి రెండోసారి కూడా పెట్టించుకుంటున్నాడట.

"గిన్నె కడిగి రేపు మీ దుకాణానికి పంపిస్తానమ్మా" అన్నాను.

ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

"వాపస్ పంపకుండ్రి డాక్టరమ్మా. ఇగ మా ఇంట్ల ఒక్కటే గిన్నె."