ఇన్‌స్పెక్టరు తినేసిన ప్రోటాన్

ఆ రోజుల్లో ఉద్యోగం వచ్చిందన్న ఆనందం కంటే, ఏ ఊరికి తోలేస్తారోనన్న బెంగే ఎక్కువగా ఉండేది. మా ఇల్లు మదనపల్లె, నా బడి పుంగనూరు. ఇంట్లో ఆయాసంతో అమ్మ ఒక్కతే ఉండేది కాబట్టి, పొద్దున వెళ్లి సాయంత్రం బస్సుకు వచ్చేసేదాన్ని. "ఇన్‌స్పెక్షన్‌లో పాఠం బాగలేదంటే కొత్తోళ్లను కుప్పం పక్కకు ఏసేస్తారమ్మా" అని హెడ్మాస్టరు అన్నప్పటి నుంచీ నాకు అన్నం సయించలేదు. (కుప్పం మంచి ఊరే. కానీ అక్కడి నుంచి రోజూ ఇంటికి రావాలంటే రెక్కలుండాలి.)

నా పాఠం పరమాణువు. కంటికి కనబడనిదాన్ని ఎలా చూపించాలా అని తెగ ఆలోచించి, ప్రోటాన్లకు అమ్మ వేయించిచ్చిన చెనిక్కాయ (వేరుశనగ) గింజలు ఏడు, న్యూట్రాన్లకు చింతగింజలు ఏడు పళ్లెంలో పెట్టి నత్రజని అన్నాను. (ఎలక్ట్రాన్లకు ఆవాలు అనుకున్నాను గానీ, ఫ్యాను గాలికి భయపడి మానేశాను.) ప్రోటాన్ల లెక్క మారితే మూలకమే మారిపోతుందని పిల్లల చేత ముందురోజే వల్లె వేయించాను. అయితే మా వైపు వేయించిన చెనిక్కాయలు ఎదురుగా పెట్టుకుని, వచ్చినవాళ్లను తినమనకపోవడం మర్యాద కాదన్న సంగతి నా తెలివికి తట్టలేదు.

ఇన్‌స్పెక్టరు కూర్చోగానే హెడ్మాస్టరు పళ్లెం అందించాడు. "తీసుకోండి సార్, కమ్మగా ఉండాయి." నేను నోరు తెరిచేలోగా ఆయన ఒక గింజ నోట్లో వేసుకుని, నములుతూనే, "ఇది ఏం మూలకం?" అన్నాడు. "నత్రజని సార్" అన్నాను వణుకుతూ. ముందు వరసలోని రెండు జడల పిల్ల లేచింది.

"కాదు టీచర్. సార్ ఒకటి తినేసినారు గదా, ఆరే ఉండాయి. ఇప్పుడది కార్బన్."

నా గుండె అప్పటికే కుప్పం బస్సెక్కి కూర్చుంది. ఆయన నవ్వలేదు. "మరి చింతగింజ తినింటే?" అని ఆ పిల్లనే అడిగాడు.

"నత్రజనే సార్. బరువు తగ్గుతాది, అంతే. కానీ మీ పండ్లు ఇరుగుతాయి."

అప్పుడు నవ్వాడాయన, పొలమారేంతగా. నీళ్లు తాగి, "ఈ టీచరమ్మను యాడికీ కదిలించొద్దప్పా" అని హెడ్మాస్టరుతో చెప్పాడు.

సాయంత్రం ఇదంతా చెబితే అమ్మ శ్రద్ధగా విని, "ఒకటే తినినాడా? ఉప్పు తక్కువైనట్టుండాదే" అని నొచ్చుకుంది.

అమ్మ పోయేవరకూ నేను ఆమె దగ్గరే ఉన్నాను, అది నా అదృష్టం. ఇప్పుడు చెనిక్కాయలు నేనే వేయించుకుంటాను. చేతిలోకి ఏడు వస్తే ఒకటి తినేసి, "కార్బన్" అనుకుని, గడగడ వణికిన ఆనాటి టీచరమ్మను తలచుకుని నవ్వుకుంటాను. ఉప్పు మాత్రం కొంచెం ఎక్కువే వేస్తాను.