పది రాళ్ల దూరం

వెనక యాక్సిల్ విషయంలో నాతో వాదించి గెలిచినవాడు ఆ రోజుల్లో కరీంనగర్‌లో లేడు. గొప్పకు చెప్పుకోవడం కాదు, అందరూ ఒప్పుకున్న మాటే. బండి నా షెడ్డు ముందుకొచ్చి ఆగకముందే దాని వెనక నుంచి వచ్చే రొద విని, లోపల ఏది అరిగిందో చెప్పేవాణ్ని. ఇంజను పని చాలామంది చేస్తారు. ఇంజను పుట్టించిన బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే డిఫరెన్షియల్‌ను విప్పి, మళ్లీ చప్పుడు లేకుండా కూర్చోబెట్టడం అందరి వల్లా కాదు. అరవై తొమ్మిది ప్రాంతంలో లారీల కింద పడుకుని నేర్చుకున్న పని అది. ఎనభైలు వచ్చేసరికి ఆదిలాబాద్ నుంచి, ఆసిఫాబాద్ నుంచి కూడా జీపులు నన్ను వెతుక్కుంటూ వచ్చేవి.

డిఫరెన్షియల్ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే కళ్లంలో గింజలు రాలేలా బంతి తొక్కే ఎడ్లను చూపించేవాణ్ని. గుంజకు దగ్గరున్న ఎద్దు చిన్న చిన్న అడుగులు వేస్తుంది, బయటి ఎద్దు అదే చుట్టు తిరగడానికి గబగబా నడవాలి. మూల తిరిగేటప్పుడు కారు చక్రాలదీ అదే సంగతి. ఎవరి నడక వాళ్లు నడిచేలా చూసేదే డిఫరెన్షియల్. అందులో ఒక పెద్ద పళ్ల చక్రం ఉంటుంది, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం ఇంకొకటి. పెద్దది క్రౌను, చిన్నది పినియను. ఆ రెంటి పళ్లూ సరిగ్గా నడుమ కలవాలి. అది చూడటానికి నేను మా ఆవిడ భరిణెలోంచి చిటికెడు కుంకుమ తీసి, ఆముదంలో కలిపి పళ్లకు పూసి, చేత్తో తిప్పేవాణ్ని. కుంకుమ నడుమ చెరిగితే పని సరిగ్గా ఉన్నట్టు.

"దేవుని కుంకుమ ఇనుముకు పెడ్తవా?" అని మా ఆవిడ తిట్టేది. తిడుతూనే భరిణె అందించేది.

ఆ రోజుల్లోనే ఒక వేసవిలో జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒకతను పాత ఫియట్ కారు వేసుకుని వచ్చాడు. ముప్పై దాటలేదు, మీసం మాత్రం యాభై ఏళ్ల మనిషికి ఉండాల్సినంత ఉంది. దుబాయిలో ఒక షేక్ దగ్గర డ్రైవరు. రెండు నెలల సెలవు మీద వచ్చి ఆ కారు కొన్నాడు. జేబులోంచి ఒక రంగుల బొమ్మ తీశాడు. నేలకు ఆనుకుని ఉన్న ఎర్ర రేసు కారు అది.

"అన్నా, దీన్ని గిట్ల జెయ్యాలె."

"గట్ల జేసుడు నాతోని కాదు తమ్మీ. దీన్ని మాత్రం ఉరికేటట్టు జేస్త."

"దుబాయిల ఇసుకల పోయే బండ్లకు ఎనుక రెండు చక్రాలు ఒక్కతీర్గ తిరిగేటట్టు లాకు ఉంటది. డిఫరెన్షియల్‌కు వెల్డింగు పెడితె గట్లనే అయితదట గదా?"

నాకు కోపం వచ్చింది. "రెండెద్దుల మెడలు కట్టేసి మూల తిప్పుతవా? చౌరస్త కాడ టైర్లు ఈడ్సుకుంట పోతయి. ఇసుక నీ షేక్‌ది, రోడ్డు నాది. నేను చెప్పింది చేస్తె బండి పెట్టు, లేకుంటె తీస్కపో."

అతను నవ్వి తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. అతని అక్క మొగుడికి మంచి అంబాసిడర్ కారు ఉంది, ఎకరాలు ఉన్నాయి, నోరూ ఉంది. ఇంట్లో ఏదో విందు జరుగుతుంటే ఆ బావ నలుగురి ముందు, "దుబాయిల నువ్వు కార్లు తుడుస్తవు గదరా, నడుపుడు యాడ నేర్సుకున్నవ్?" అన్నాడట. మాటకు మాట పెరిగింది. చివరికి పందెం పడింది. సెలవు అయిపోయేలోగా జగిత్యాల, కోరుట్ల నడుమ తిన్నని రోడ్డు మీద రెండు కార్లూ పోటీ పడాలి. ఓడినవాడు జగిత్యాల చౌరస్తాలో కుర్చీ వేసుకుని అందరి ముందు మీసం తీయించుకోవాలి.

"మీసం పోతె పోయింది గని, గా మాట పోవాలె అన్నా," అన్నాడు.

వారం రోజులు ఆ బండి మీదే కూర్చున్నాను. గొంతు పూడిన సైలెన్సర్ మార్చాను. ఇంజను బలం పెరిగేలా దాని మీది హెడ్డును లేతు మీద సన్నగా గీయించాను. కార్బొరేటర్‌ను ముక్క ముక్కా విప్పి కడిగాను. మూలల్లో ఊగకుండా స్ప్రింగులు రెండు వేళ్లు దించాను. అన్నింటికన్నా ముఖ్యమైన పని వెనక యాక్సిల్‌లో చేశాను. సామాన్లు మోయడానికి అదే కంపెనీ చేసిన వ్యాన్‌లో వాడే క్రౌను, పినియను జత ఒకటి హైదరాబాద్ పాత సామాన్ల బజారులో దొరికింది. పాత జతలో పినియను నాలుగుసార్లకు కాస్త పైన తిరిగితే చక్రం ఒకసారి తిరిగేది, దీనిలో దాదాపు ఐదుసార్లు తిరగాలి. దానివల్ల చక్రానికి బలం పెరుగుతుంది, తొక్కగానే బండి ముందుకు దూకుతుంది. కుంకుమ పూసి చూశాను. బొట్టు పెట్టినట్టు నడుమే చెరిగింది.

ట్రయలు చూడటానికి ఇద్దరం వెళ్లాం. ఇదివరకు నూరు దగ్గర ఆయాసపడే బండి. ఇప్పుడు మీటరు ముల్లు నూరు దాటింది, నూట పది దాటింది, నూట పదిహేను మీద నిలబడింది. నేను తొడ చరిచి అరిచాను. అతను ముల్లు వైపు ఒక్కసారే చూశాడు. కిటికీ అద్దం దించాడు, మళ్లీ ఎక్కించాడు. తర్వాత నా మొహం చూసి, "నీ చెయ్యి సల్లగుండ అన్నా," అన్నాడు.

ఆ సాయంత్రానికి చాయ్ హోటల్లో అందరికీ తెలిసిపోయింది, అంటే నేనే చెప్పాను. నాకు నూటపదిహేను మిస్త్రీ అని పేరు పడింది. ఆ పేరు నాకు నచ్చలేదంటే అబద్ధం.

ఆ వారంలోనే మా పాపకు అక్షరాభ్యాసం చేయించాలని బాసర బయలుదేరాం. బస్సులో ఎందుకన్నా అంటూ అతనే కారు తెచ్చాడు. నేను ముందు కూర్చున్నాను, మా ఆవిడ పాపను ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. మా ఆవిడ బీడీలు చుట్టేది. కట్టకు ఇరవై ఐదు. చాట ముందు కూర్చుని ఎవరితో ఎంత మాట్లాడుతున్నా ఆమె వేళ్లు లెక్క తప్పవు. చేతిలో పని లేకపోతే ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉంటుంది. ఆ రోజు కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టింది.

మెట్‌పల్లి దాటాక నా భుజం మీద తట్టింది. "ఏమయ్యో, గా మీటరుల దూరం జూపే అంకెలున్నయి గదా. పది రాళ్లు దాటినం. అది పదకొండున్నర అంటుంది."

"నువ్వు ఒక రాయి మర్సిపోయినవ్."

"నేను మర్సిపోతనా?" అంది. మళ్లీ పది లెక్కపెట్టింది. మళ్లీ పదకొండున్నరే. "రాళ్లు తప్పా, నీ మీటరు తప్పా?"

నేను రోడ్లు వేసినవాళ్లను తిట్టాను. స్టీరింగు పట్టుకున్నతను హారన్ కొట్టి ముందున్న ఎడ్ల బండిని దాటాడు. బాసరలో పాప పలకమీద ఓం రాసింది, నేను దేవి ముందు నిలబడి కూడా ఆ ఒకటిన్నర గురించే ఆలోచించాను.

మర్నాడు పొద్దున ఇంకో చిన్న మరమ్మతు వంక పెట్టి బండి తెప్పించుకుని ఒక్కణ్నే రోడ్డెక్కాను. ముల్లును సరిగ్గా అరవై మీద నిలబెట్టి పది రాళ్లు నడిపాను. అరవై మీద పోతే పది నిమిషాలు పట్టాలి. చేతి గడియారం పదకొండున్నర చూపింది.

బండిని పక్కకు ఆపి తల పట్టుకున్నాను. మీటరు తీగ గేరుబాక్సు నుంచి వస్తుంది, చక్రం నుంచి కాదు. నేను వేసిన జతవల్ల గేరుబాక్సు నుంచి వచ్చే షాఫ్టు ఎక్కువసార్లు తిరుగుతోంది, చక్రం మాత్రం మునుపటిలాగే తిరుగుతోంది. మీటరు షాఫ్టునే నమ్ముతుంది. ముల్లు నూట పదిహేను అన్నప్పుడు బండి నూరు మీదే ఉంది. అంటే బలం పెరిగింది, పరుగు వీసమెత్తు పెరగలేదు. ఎన్నో లారీలకు జతలు మార్చాను, ఒక్కసారీ ఈ సంగతి బయటపడలేదు. ఏ లారీకి మీటరు పనిచేసింది గనుక!

తిన్నని రోడ్డు మీద అతను ఓడిపోతాడు. అదీ నా వల్ల. పందెం ఇంక మూడు రోజులే ఉంది. నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో దాచకుండా చెబుతాను. ఈ విషయం నాకూ మా ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియదు. ఓడితే నడిపినవాడి తప్పంటారు, వాడు దుబాయి పోతాడు, నా పేరు నాకు ఉంటుంది. ఇంటికి వచ్చి ఆ మాట సగం పైకి అన్నాను.

మా ఆవిడ ఆకు కత్తిరించడం ఆపింది. "కట్టల ఇరవై రెండే పెట్టి ఇరవై ఐదని ఇచ్చినట్టు. నువ్వు పోయి చెప్తవా, నన్ను పొమ్మంటవా?"

చొక్కా వేసుకుని కారులో నేనే అతని పల్లెకు వెళ్లాను. నులక మంచం మీద కూర్చోబెట్టి, అతను నీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగకుండానే అంతా చెప్పాను. మీటరు సంగతి, తీగ సంగతి, నా తప్పు. అతను ఆశ్చర్యపోలేదు. తల దించుకుని నవ్వాడు.

"నాకెరుకే అన్నా."

"ఏందెరుక?"

"ఏడేండ్ల సంది షేక్ బండి నడుపుతున్న. నూట పదిహేను మీద పోతె కిటికిల గాలి ఎట్ల మొత్తుకుంటదో ఎరుక లేదా? మొదటిరోజే అద్దం దించి ఇన్న. నూరు మీదనే ఉన్నది బండి."

"మరి చెప్పకపోతివేందిరా! మీసం పోతది గదా!"

"నువ్వు పక్కన కూసోని శాన సంబురపడ్తివి. చెప్పనీకి నాకు నోరు రాలే. మీసం మళ్ల మొలుస్తది అన్నా. నీ షెడ్డు మీద మాట పడితె అది పోతదా?"

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. చప్పుడు వినడంలో నన్ను మించినవాడు లేడని చెప్పుకుంటూ తిరిగిన నేను వినలేనిది, కార్లు తుడుస్తాడని పేరు పడిన మనిషి గాలిలో విన్నాడు. విని నాకోసం మింగేశాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి అతనికి కనపడకుండా గ్లాసెత్తి నీళ్లు తాగాను.

అక్కడినుంచి సీదా అతని బావ ఇంటికి వెళ్లాను. అరుగు మీద ఆ బావ చుట్టూ పదిమంది ఉన్నారు. అదే మంచిదనిపించింది.

"పటేలా, మా మీటరు తప్పు చెప్తుంది. తప్పు నాది, మీ బామ్మర్దిది కాదు. సీదా రోడ్డు మీద మీరే గెలుస్తరు. గిది బలమున్న బండి, ఉరికే బండి కాదు. ఒప్పుకుంటె నిర్మల్ ఘాట్ ఎక్కుదాం. ఒప్పుకోకుంటె మీసం ఇప్పుడే తీపిస్తం."

అరుగంతా నవ్వింది. పటేల్ కూడా నవ్వాడు. కానీ పదిమంది ముందు కాదనడం ఆయన వల్ల కాలేదు. "ఘాటే గని, సముద్రమే గని. నడువుండ్రి," అన్నాడు.

మూడో రోజు పొద్దున్నే నిర్మల్ దాటి ఘాట్ మొదట్లో రెండు కార్లూ పక్కపక్కన నిలబడ్డాయి. నేను అతని పక్కన కూర్చుని మీటరు మీద కాగితం అంటించాను. బయలుదేరగానే అంబాసిడర్ ముందుకు పోయింది. మొదటి మూలలో, రెండో మూలలో దాని వెనకే ఉన్నాం. ఎక్కుడు నిటారుగా లేచిన చోట పటేల్ రెండో గేరుకు దిగాడు, ఆ చప్పుడు నాకు తెలిసింది. మా బండి మూడో గేరులోనే లాగుతోంది. పాత జత అయితే మాకూ రెండోదే దిక్కు. రోడ్డు వెడల్పయిన చోట ఎదురుగా ఏమీ రావడం లేదని చూసుకుని అతను పక్కకు తీశాడు. తొందరలేదు, గాభరా లేదు. ఒకసారి హారన్ కొట్టి దాటేశాడు. వెనక యాక్సిల్ నుంచి చిన్న మూలుగు కూడా లేదు, మా కుంకుమ పని అది.

మేము పైకి చేరి దిగి నిలబడ్డాక పటేల్ వచ్చాడు. ఆయన రేడియేటర్ పొగలు కక్కుతోంది. బామ్మర్ది పరుగెత్తి బానెట్ ఎత్తి, అది చల్లారాక నీళ్లు పోశాడు. పటేల్ మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు.

"ఉండనీ బావా. అక్క గుర్తువట్టకపోతె నాకు పరేషాన్," అన్నాడు ఇతను.

పటేల్ బానెట్ మూస్తూ, "నడుపుడైతె ఎరుకేరా నీకు," అన్నాడు. అతనికి కావలసింది ఆ మాటే. అది విన్నాక అతను కొండ వైపు తిరిగి మొహం తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నేను జత మార్చిన ప్రతి బండినీ మీటరు తీగను తిప్పే పళ్ల చక్రం కూడా సరిచేసి, పది రాళ్లు నడిపి చూశాకే ఇచ్చాను. కొన్నిసార్లు లెక్కకు మా ఆవిడనూ ఎక్కించుకునేవాణ్ని.

దుబాయి పోయే ముందు అతను సెలవు చెప్పడానికి షెడ్డుకు వచ్చాడు. నన్ను చూసి గడపలోనే ఆగిపోయాడు. ఘాట్ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున మా చౌరస్తాలో, అందరూ చూస్తుండగా, కుర్చీ వేయించుకుని నేను నా మీసం తీయించుకున్నాను.

"గిదేందన్నా? గెలిస్తిమి గదా!" అన్నాడు.

"నువ్వు గెలిస్తివి," అన్నాను. "ఫికర్ చెయ్యకు తమ్మీ, మళ్ల మొలుస్తది."