ఎత్తమని ఎవరూ చెప్పలేదు

1954 వానాకాలంలో, కర్నూలు రాజధాని అయిన మరుసటి యేడు, ఆదోనిలో పత్తి వర్తకులు నడిపే ఒక చిన్న ధర్మాసుపత్రిలో డ్రెస్సరుగా చేరినాను. డ్రెస్సరంటే గాయాలు కడిగి కట్లు కట్టేవాడు. డాక్టరు కింద కాంపౌండరు, కాంపౌండరు కింద డ్రెస్సరు, డ్రెస్సరు కింద అతను కూచునే స్టూలు. అంతే మా సిబ్బంది. నాది కోడుమూరు, డాక్టరుగారిది బందరు. ఆయన మాట ఇక్కడి రైతులకు సగమే అందేది, వాళ్ళ మాట ఆయనకూ అంతే. మిగతా సగం నేను అందించేవాణ్ణి. ఆ పని నా ఉద్యోగం కాగితంలో రాసిలేదు గానీ నేను మాత్రం అదే పెద్ద హోదా అనుకొనేవాణ్ణి.

ఆ చలికాలంలో ఎమ్మిగనూరు నుంచి ఈరన్న అనే నేతగాడు వచ్చినాడు. ముప్పై యేండ్ల మనిషి, పెద్ద కండ్లు, మంచి గొంతు. ఎడమ దండచేతి మీద, భుజానికి కొంచెం కింద, నిమ్మకాయంత కొవ్వు గడ్డ ఉండేది. నొప్పి లేదు, చీము లేదు. డాక్టరుగారు నొక్కి చూసి, దీనివల్ల ప్రమాదమేమీ లేదు, కోయనక్కరలేదు, వెళ్ళిరమ్మన్నారు. ఈరన్న కదల్లేదు. సంగతేమంటే, మగ్గం దిగితే అతను నాటకాల్లో రాణి వేషం కట్టేవాడు. జాకెట్టు తొడిగి దండకు వంకీ పెట్టుకుంటే ఆ గడ్డ పొడుచుకొని కనిపించేది. గోనెగండ్లలో ఆడినప్పుడు ముందు వరసలోంచి ఎవడో, "రాణెమ్మ చేతికి నిమ్మకాయ కాసిండాదిరోయ్" అని అరిచినాడంట. జనం పడీపడీ నవ్వినారంట. అది చెప్తూ ఈరన్న కండ్లనీళ్ళు పెట్టుకున్నాడు.

అందం కోసం కోత పెట్టడం మా ఆసుపత్రిలో అదే మొదలు. డాక్టరుగారు రెండు దినాలు ఆలోచించి ఒప్పుకున్నారు. గడ్డ చుట్టూ మత్తుసూది వేసి, చర్మం చీల్చి, గడ్డను దాని పొరతో సహా ఒలిచి తీసినారు. పట్టుదారంతో అయిదు కుట్లు. గాజుగుడ్డ, దూది, దానిమీద చుట్టుకట్టు, చెయ్యి మెడకు తగిలించే జోలె నా పని. జోలె కట్టి, నేను పెద్ద మనిషిలా వేలు చూపించి, "ఈరన్నా, మేము సెప్పేదాకా ఈ చెయ్యి పైకెత్తగాకు, కుట్లు తెగుతాయి" అని చెప్పినాను. తలూపి పోయినాడు. పదో దినం కుట్లు తీసేనాటికి నేను చెల్లెలి పెండ్లికని సెలవులో ఉన్నాను. కాంపౌండరు కుట్లు తీసి, జోలె విప్పి, "మానిపోయింది, పో" అని పంపినాడు.

రెండున్నర నెలలకు ఈరన్న మళ్ళీ వచ్చినాడు. మచ్చ చక్కగా మానింది, వెతికితే గానీ కనపడదు. కానీ భుజం కాడినుంచి మోచేతిదాకా ఒకటే పోటు. జుట్టు దువ్వుకోలేడు, ఆ పక్క ఒత్తిగిలి పడుకోలేడు. డాక్టరుగారు వాళ్ళ ఊరి పద్ధతిలో, "నొప్పులు ఎప్పట్నించి వస్తున్నాయయ్యా?" అని అడిగినారు. మా వైపు నొప్పులంటే కాన్పు నొప్పులే. ఈరన్న బిత్తరపోయి నా వైపు తిరిగి, "నేను కట్టేది ఆడేసమే గానీ, నొప్పులొచ్చేదాకా పోలేదని సెప్పన్నా" అన్నాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. డాక్టరుగారు కూడా నవ్వినారు గానీ, ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆయనకు పట్టుకున్న భయం ఒకటే. గడ్డ తీసేటప్పుడు నరమేదన్నా తెగిందేమో, కుట్టులో చిక్కుకుందేమో అని. చొక్కా చేతిని పైకి మడిచి, మచ్చ మీద వేలితో తట్టి చూసినారు. జివ్వుమంటుందా అని అడిగితే, ల్యా అన్నాడు. నొప్పి తగ్గడానికి ఏపీసీ మాత్రలిచ్చినారు, వేడి కాపడం పెట్టమన్నారు, బి విటమిన్ సూదులు వేసినారు. నెల గడిచినా గుణం లేదు. చెయ్యి ఎత్తమంటే నడుము దాటి లేచేది కాదు. ఇక మద్రాసు పంపి మళ్ళీ కోయించాల్సిందే అన్నారు. ఈరన్న గుండె జారిపోయింది. పెద్దకడుబూరు జాతర నాటకానికి నెలన్నరే ఉంది. మూడో అంకంలో రాణి ఎడమ చెయ్యెత్తి దుష్టమంత్రిని సభలోంచి పొమ్మనాలి, కుడిచేతిలో బిడ్డ ఉంటుంది. ఈ చెయ్యి లేవకపోతే ఆ వేషం దర్జీ రంగప్పకిస్తానని, నాటకం నేర్పే హార్మోనియం అయ్యవారు చెప్పేసినాడంట. "పన్నెండేండ్ల నుంచి నాదన్నా ఆ యేసం" అని ఈరన్న గోడకానుకొని నిలబడినాడు.

మద్రాసుకు ఉత్తరం రాసే దినం, చెయ్యి కొలతలు తీసుకోవడానికి అతని చొక్కా విప్పమన్నాను. తల మీదినుంచి తీస్తాడని చూస్తా ఉంటే, ఎడమ పక్క చంక కిందినుంచి నడుము దాకా వరసగా గుండీలు! అవి విప్పి చొక్కాను పక్కనుంచి లాగేసినాడు.

ఇదేం ఫ్యాషనప్పా అన్నాను. చెయ్యెత్తే పని లేకుండా రంగప్ప కుట్టిచ్చినాడంట. రాణి వేషం కోసం కాచుకున్నవాడు ఎంత శ్రద్ధగా కుట్టినాడో చూడండి. ఎప్పుడు కుట్టించినావంటే, కుట్లు తీసిన వారానికే అన్నాడు.

"అప్పటికి నొస్తాండెనా?"

"ల్యా. నొచ్చేది ఆ తర్వాత మొదలాయ."

"మరి నొప్పి లేకుంటే ఈ చొక్కా యాలప్పా?"

ఈరన్న నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసినాడు. "నువ్వే గదన్నా, మేము సెప్పేదాకా ఎత్తగాకు అంటివి. ఎత్తుకో అని యెవురూ సెప్పల్యా."

మగ్గం మీద చెయ్యి భుజం దాటి లేచే పని లేదు. మోచెయ్యి పక్కకు అదుముకొని కూడా నెయ్యొచ్చు. నేస్తానే ఉన్నాడు. అందుకే ఇంట్లోవాళ్ళకు అనుమానం రాలేదు. మేమేమో నొప్పి ఉంది గనక ఎత్తలేకున్నాడు అనుకున్నాం. నిజానికి ఎత్తక ఎత్తక భుజం కీలు బిగుసుకుపోయింది, దానితో నొప్పి వచ్చింది. నరం తెగలేదు, డాక్టరుగారి చెయ్యి తప్పలేదు. తప్పింది నా నోరు.

పోయి డాక్టరుగారి ముందర నిలబడి ఉన్నదున్నట్టు చెప్పినాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆయన కలం కింద పెట్టి, కండ్లద్దాలు తీసి తుడుచుకొని, "నెల రోజులుగా నాకు అన్నం సహించలేదయ్యా, మహానుభావా" అన్నారు. ఆ తర్వాత గట్టిగా నవ్వినారు. మద్రాసు ఉత్తరం నాలుగు ముక్కలు చేసి నా చేతిలోనే పెట్టినారు.

చికిత్స ఆయన చెప్పినారు, చేయించింది నేను. వేడి కాపడం పెట్టినాక గోడకు పక్కగా నిలబడి వేళ్ళను మెల్లగా పైకి పాకించాలి. ఎంత దూరం అందితే అక్కడ బొగ్గుతో గీత. ఇంటికాడ బావి గిలకకు తాడేసి, మంచి చేత్తో ఒక కొస లాగితే రెండో కొస పట్టుకున్న చెయ్యి లేవాలి. మొదటి వారం ఈరన్న రాణి గొంతుతో కేకలు పెట్టి, తన గొంతుతో నన్ను తిట్టినాడు. నేను పడినాను, పడాల్సినవాణ్ణే. గీతలు నడుము దాటినాయి, రొమ్ము దాటినాయి. నాలుగో వారానికి చెవి అందుకున్నాడు.

జాతరకు ముందు ఆదివారం మధ్యాహ్నం, ఎమ్మిగనూరులో ఒక మగ్గాల కొట్టంలో నాటకం ట్రయల్. వేషం ఎవరిదో అయ్యవారు ఆ దినమే తేల్చాలి. నేను బస్సెక్కి పోయినాను. రంగప్ప ముందు వరసలో, పద్యాలన్నీ కంఠతా వచ్చినవాడిలా పెదాలు కదిలిస్తా కూచున్నాడు. మూడో అంకం వచ్చింది. ఈరన్న కుడిచేతిలో బిడ్డకు బదులు నూలు కట్ట పెట్టుకొని పద్యం ఎత్తుకున్నాడు. పద్యం ముగిసింది, ఎడమ చెయ్యి లేవలేదు. హార్మోనియం ఆగింది. రంగప్ప సగం లేచినాడు. ఈరన్న కొట్టమంతా కలయజూసి, నేనెక్కడ కూచున్నానో కనిపెట్టి, రాణి గొంతుతోనే, "ఏమన్నా, ఇప్పుడు ఎత్తేదా?" అన్నాడు.

"ఎత్తప్పా సామీ, ఎత్తు!" అని అరిచినాను. చెయ్యి తల మీదికి లేచింది. మంత్రి వేషగాడు నిజంగానే నాలుగడుగులు వెనక్కి పోయినాడు. కొట్టమంతా ఈలలు. రంగప్ప కూచుని, నవ్వి, ఆ గుండీల చొక్కా తనకిచ్చేయమన్నాడు.

దీనివల్ల నేను నేర్చుకున్నది చిన్న సంగతే. ఒక పని మానమని చెప్పినవాడే దాన్ని మళ్ళీ మొదలుపెట్టమనీ చెప్పాలి. ఆ రెండో మాట చెప్పేదాకా కట్టు విప్పినట్టు కాదు. రిటైరయ్యేదాకా, జోలె కట్టిన ప్రతి మనిషికీ ఎన్నాళ్ళు ఎత్తకూడదో, ఏ దినం నుంచి ఎత్తాలో రెండూ చెప్పి, వాళ్ళ నోటితో తిరిగి చెప్పించుకున్నాను. సెలవు పెట్టి ఊరికి పోయేటప్పుడు, నేనింకా చెప్పకుండా మిగిలిన రెండో మాటలన్నీ కాగితం మీద రాసి, కాంపౌండరు చేతికిచ్చి, చదివించుకొని మరీ బస్సెక్కేవాణ్ణి.