నేను బాత్రూంలో జారిపడలేదు

ఆ శుక్రవారం నా మోకాల్లో ‘టప్’ మని వినబడింది. నొప్పికన్నా ముందు ఆ చప్పుడే తెలిసింది. ఇబ్రా ఊరు దాటాక ఉండే ఇసుక దిబ్బ మీద బోర్లా పడి ఉన్నాను. పాదానికి కట్టిన పొడుగాటి చెక్క ఇసుకలో దిగబడిపోయింది, ఒళ్లు మాత్రం పక్కకు తిరిగిపోయింది. లేవబోతే కాలు నాది కానట్టు వేలాడింది. అప్పుడు కూడా నాకు ముందు గుర్తొచ్చింది కాలు కాదు, నా ఒంటి మీదున్న మావారి ప్యాంటు.

మాది కాకినాడ. మావారు ఒమన్‌లో రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు. కాపురం మస్కట్‌లో రువీ పక్కనున్న హమ్రియాలో, ఆయన సైట్ ఇబ్రా వైపు. సెలవులకు అప్పుడప్పుడు నన్నూ తీసుకెళ్లేవారు. అక్కడి మేనేజరు భార్య హెల్గా ఆస్ట్రియా మనిషి. మంచు మీద జారే స్కీలు వెంట తెచ్చుకుంది. మంచు లేకపోతే ఇసుకే చాలనేది. మొదట్లో దొరలూ దొరసానులే జారేవారు, మనవాళ్లు టీ ఫ్లాస్కులతో కింద నిలబడి చూసేవారు. తర్వాత మన కుర్ర ఇంజనీర్లూ మొదలుపెట్టారు. మన ఆడవాళ్లు మాత్రం ఆ దిబ్బ ఎక్కలేదు.

హెల్గా నన్నూ జారమంది. నేను చీర వంక చెబితే నవ్వింది. “మా అమ్మమ్మ పొడుగు లంగాతోనే కొండ దిగేది. ఊరంతా తిట్టిపోసింది. ఇప్పుడు మా ఊళ్లో ముసలమ్మలు కూడా ప్యాంట్లేసుకుని జారుతున్నారు” అంది. పడితే కాలిని వదిలేసే కొత్తరకం కట్లు వాళ్ల దేశంలో వచ్చాయట. ఇసుకకి పాడైపోతాయని ఇక్కడికి పాతవే తెచ్చింది. బూట్లు నాకు వదులైతే తోలు పట్టీ మీద తాడు కూడా బిగించింది.

మావారు వద్దన్నారు. నేనే బతిమాలి ఆయన ప్యాంటు తొడుక్కున్నాను. రెండుసార్లు బాగానే దిగాను. “చాల్లే, ఇక వచ్చెయ్” అని ఆయన కేకేశారు. విననట్టు మళ్లీ ఎక్కాను. ఆ మూడోసారే పడ్డాను.

మస్కట్ పొలిమేరకు వచ్చాక ఆయన జీపు ఆపారు. “చీర కట్టుకో” అన్నారు.

“కాలు కదలట్లేదండీ.”

“ప్యాంటుతో హాస్పిటల్‌కి ఎలా తీసుకెళ్లమంటావే? అక్కడి డాక్టరు మనవాడు. రేపటికల్లా రువీలో తెలుగువాళ్లందరూ మన గురించే చెప్పుకుంటారు.”

ఆయన దుప్పటి అడ్డం పట్టుకున్నారు. వాచిన మోకాలి దగ్గర ప్యాంటు బిగిసిపోయింది. లాగుతుంటే అరవకుండా చేతిలోని చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన మీద కోపం రాలేదు. ఆయన ఆపకపోతే నేనే ఆపమనేదాన్ని.

“ఏమైందమ్మా?” అని డాక్టరుగారు నన్నే అడిగారు.

“బాత్రూంలో జారిందండీ” అన్నారు మావారు. నేను తలూపాను.

ఎక్స్‌రే తీశారు. “ఫ్రాక్చర్ లేదు. సింపుల్ స్ప్రెయిన్. క్రేప్ బ్యాండేజ్ కట్టుకుని రెస్ట్ తీసుకోండి” అన్నారు. వాపు నొక్కి చూసి, “బాత్రూంలో జారితేనే ఇంత వాపా?” అని మళ్లీ అడిగారు. అప్పుడైనా చెప్పాల్సింది. నేల చూపులు చూశాను.

పలకరించడానికి వచ్చిన ఆడవాళ్లు తలా ఒక బాత్రూం కథ చెప్పారు. ఒకావిడ పాపం కొబ్బరిపీచు పట్టా తెచ్చి మా బాత్రూంలో స్వయంగా వేసి వెళ్లింది. దాని మీద కాలు పెట్టినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేదాన్ని.

వాపు తగ్గింది కానీ మోకాలి మీద నమ్మకం పోయింది. నడుస్తూ నడుస్తూ ఉంటే ఉన్నట్టుండి మడత పడిపోయేది. ఒక పొద్దున బియ్యం ఏరి పీట మీద నుంచి లేవబోతే వంగిన కాలు వంగినట్టే బిగుసుకుపోయింది. ఎంత లాగినా చాచుకోలేదు. ఇక బతుకంతా కుంటిదాన్నేనని వెక్కివెక్కి ఏడ్చాను.

ఈసారి పెద్దాసుపత్రికి వెళ్లాం. బొంబాయి నుంచి వచ్చిన ఆర్థోపెడిక్ సర్జన్ మోకాలిని అటూ ఇటూ వంచి, “లాక్డ్ నీ. మెనిస్కస్, అంటే కీలు మధ్య మెత్తలాంటిది, చిరిగింది. ఎముకల్ని కలిపి పట్టుకునే లిగమెంట్ కూడా లూజ్‌గా ఉంది. ఎలా పడ్డారు?” అని ఇంగ్లీషులో అడిగారు.

“బాత్రూంలో...” అని మావారు మొదలుపెట్టారు.

“ఐ యామ్ ఆస్కింగ్ హర్” అన్నారాయన.

పాదం ఎటుంది, ఒళ్లు ఎటు తిరిగింది అని అడిగారు. దానికి సరిపడా బాత్రూంని కల్పించడం నా వల్ల కాలేదు. చెప్పేశాను, దిబ్బా, తాడూ, ప్యాంటూ అన్నీ. మళ్లీ ఎందుకెక్కారంటే, “చాలా బాగుంది, అందుకని” అన్నాను. మావారి ముందు ఆ మాట అన్నందుకు, పడ్డందుకన్నా ఎక్కువ సిగ్గేసింది.

సర్జన్ తిట్టలేదు. “ట్విస్టింగ్ ఇంజురీ అని మొదటిరోజే తెలిస్తే ప్లాస్టర్ వేసేవారు. లిగమెంట్‌కి ఒక ఛాన్స్ ఉండేది” అన్నారు. మావారు కిటికీ వైపు తిరిగిపోయారు.

ఆపరేషన్ చేసి చిరిగిన మెనిస్కస్ తీసేశారు. గట్టెక్కాననుకునేలోగా మోకాల్లో నీరు పట్టింది. లావుపాటి సూదితో లాగారు. “క్వాడ్రిసెప్స్, అంటే తొడ ముందు కండరాలు, బలపడకపోతే నా ఆపరేషన్ దండగ” అని సర్జన్ హెచ్చరించారు. కాలికి బరువు కట్టి ఎత్తించడానికి ఫిజియోథెరపిస్టు తెచ్చింది ఇసుక సంచి! నేనెందుకు నవ్వానో ఆ అమ్మాయికి అర్థం కాలేదు.

ఇప్పుడు నడుస్తున్నాను. మఠం వేసుకుని కూర్చోలేను. దేవుడి ముందు కూడా స్టూలే గతి. మెట్లు దిగేటప్పుడు ఒక చెయ్యి గోడ మీదే ఉంటుంది. ఈమధ్య ఆ దిబ్బల తీరే మారిపోయింది. సెలవొస్తే మన కుటుంబాలే ప్లైవుడ్ పలకలకు కొవ్వొత్తి రుద్ది తీసుకెళ్తున్నాయి. ఆడవాళ్లు కేకలు పెడుతూ జారుతున్నారు, ఎవరూ ఏమీ అనుకోవట్లేదు. చూస్తే ముచ్చటేస్తుంది, ఏడుపూ వస్తుంది. ఈపాటి దానికా నా కాలు పాడుచేసుకున్నాను అనిపిస్తుంది.

మొన్న అక్కడ కింద కూర్చుని చూస్తుంటే మావారు, “అంత బాగుంటుందా?” అన్నారు.

“బాగుంటుందండీ.”

ఆయన ఫ్లాస్కులోంచి నాకు టీ వంచి ఇస్తూ, “ఆ రోజు జీపు ఆపకుండా ఉండాల్సింది” అన్నారు.

మీలో ఎవరికైనా దెబ్బ తగిలితే ఎక్కడ తగిలిందో చూపించి ఊరుకోకండి. ఎలా తగిలిందో మీ నోటితో మీరే చెప్పండి, మీ బదులు ఇంకెవరినీ చెప్పనివ్వకండి. సిగ్గుపడుతూనే చెప్పండి. సిగ్గు పోయాక చెబుదామని ఆగితే సిగ్గూ పోదు, కాలూ మిగలదు.